ప్యానెల్, ట్యాబ్, ఫోన్, పలక: ఏ పాఠానికి ఏది వాడాలి, ఎలా వాడాలి

విశాఖలో టీచర్ల శిక్షణకు ఎప్పుడు వెళ్లినా టీ విరామంలో ఎవరో ఒకరు నన్ను పక్కకు పిలిచి ఇదే అడుగుతారు. "మేడమ్, గోడకు టచ్ స్క్రీన్ ప్యానెల్ ఉంది, ట్యాబులు ఉన్నాయి, యాప్‌లు బోలెడు చెప్తున్నారు. రేపు రెండో పీరియడ్‌లో అసలు ఏం వాడమంటారు?" గాజువాక టీచరూ అడిగారు, భీమిలి టీచరూ అడిగారు. నిలబడి రెండు నిమిషాల్లో చెప్పే జవాబు కాదిది. అందుకే వరసగా రాస్తున్నాను.

నేను హైస్కూల్లో సైన్సు చెప్తాను కాబట్టి ఉదాహరణలు ఎక్కువగా సైన్సువే ఉంటాయి. పద్ధతి మాత్రం ఏ సబ్జెక్టుకైనా పనికొస్తుంది.

1. ముందు గదిలో ఏముందో చూసుకోండి

ఒకరోజు సాయంత్రం లాంగ్ బెల్ కొట్టాక ఒక అరగంట ఉండండి. యాప్‌లు, లాగిన్‌లు తర్వాత చూద్దాం. మీ తరగతి గదిలో నిజంగా పనిచేసేవి ఏవో ముందు తేలాలి.

- ప్యానెల్ లేదా టీవీ ఆన్ చేసి చివరి బెంచీలో కూర్చోండి. అక్షరాలు చదవగలుగుతున్నారా? లేకపోతే స్లైడుకు అయిదారు లైన్లు మించకూడదు.
- వెలుతురు పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చూడండి. మన దగ్గర సముద్రం వైపు కిటికీ ఉన్న గదుల్లో పొద్దున ఎండ నేరుగా స్క్రీన్ మీద పడుతుంది. ఒక ముదురు రంగు దుప్పటి, రెండు మేకులు ఉంటే పని జరుగుతుంది.
- ఫ్యాన్లు తిరుగుతుండగా సౌండు వెనక బెంచీ దాకా వస్తోందా?
- ఆ గదిలోనే మీ ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి చూడండి. స్టాఫ్ రూమ్‌లో వచ్చే సిగ్నల్‌ను నమ్ముకోవద్దు.
- ట్యాబులు ఎన్ని ఉన్నాయి, అందులో ఛార్జింగ్ నిలిచేవి ఎన్ని?
- బీరువా తాళం ఎవరి దగ్గర ఉంటుంది? వాళ్లు సెలవు పెడితే ఎవరిస్తారు?

ఇదంతా ఒక కాగితం మీద రాసి బీరువా తలుపు లోపలి వైపు అంటించండి. మీ తర్వాత ఆ గదికి వచ్చే టీచరుకూ పనికొస్తుంది.

2. పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారో ఒక్క వాక్యంలో రాయండి

అందరూ దాటేసే మెట్టు ఇదే. పాఠం పేరు రాస్తే సరిపోదు. "విద్యుత్ పాఠానికి ఏ యాప్ బాగుంటుంది?" అంటే ఎవరూ సరైన జవాబు చెప్పలేరు. "మొదటి బల్బు దాటాక కరెంటు తగ్గిపోతుందని పిల్లలు అనుకుంటున్నారు" అని రాయండి. ఏం వాడాలో ఆ వాక్యమే సగం చెప్పేస్తుంది.

ఇంకొన్ని ఇలా ఉంటాయి:

- లెక్కలు: హారం పెద్దదైతే భిన్నం కూడా పెద్దదే అనుకుంటున్నారు.
- తెలుగు: పద్యం గడగడా చదువుతారు, ఎక్కడ విరవాలో తెలియదు.
- సాంఘికం: మ్యాపు కింద స్కేలు ఎందుకు వేస్తారో తెలియదు.
- ఇంగ్లిష్: చదివితే అర్థమవుతుంది, నోరు తెరిచి చెప్పమంటే భయం.

ఈ వాక్యం దొరకాలంటే పాత యూనిట్ టెస్టు పేపర్లు తీయండి. మార్కులను పక్కన పెట్టి తప్పు జవాబులు చదవండి. ఒకే తప్పు పది పేపర్లలో కనపడితే మీకు కావలసిన వాక్యం అదే.

3. ఆ ఇబ్బందికి తగినదాన్ని తీయండి

మొదటి ప్రశ్న: ఆ వస్తువునే చేతికి ఇవ్వగలమా? ఇవ్వగలిగితే స్క్రీన్ అక్కర్లేదు. ఆమ్లాలు, క్షారాలకు పసుపు రాసిన కాగితం, సబ్బు నీళ్లు ఉంటే వీడియో ఎందుకు? ఉత్ప్లవనం (వస్తువులు నీళ్లలో తేలడం) చెప్పేటప్పుడు ఒక ప్లాస్టిక్ సీసాకు కింద చిల్లులు పెట్టి, మూతలోంచి సన్నని గొట్టం దూర్చి, బకెట్ నీళ్లలో ముంచండి. నీళ్లు నిండితే మునుగుతుంది, గొట్టంలో ఊదితే పైకి తేలుతుంది. జలాంతర్గామి మునిగేదీ తేలేదీ ఇలాగే. మనకు బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి మ్యూజియం ఉండనే ఉంది, వీలైతే ఆ తర్వాత తీసుకెళ్లి చూపించండి. వేరే ఊరి టీచర్లకు ఈ సదుపాయం లేదు.

వస్తువు చేతికి ఇవ్వలేమని తేలితే ఇక్కడి నుంచి చూసుకోండి.

కంటికి కనపడనిది, మార్చి చూడాల్సినది. దీనికి సిమ్యులేషన్, అంటే తెర మీద మార్చి చూసే ప్రయోగం మంచిది. సైన్సుకు ఫెట్ (PhET) సైటు, లెక్కలకు జియోజీబ్రా ఉన్నాయి, రెండూ ఉచితమే. జియోజీబ్రాలో త్రిభుజం శీర్షాన్ని వేలితో లాగుతుంటే మూడు కోణాలూ మారుతుంటాయి, మొత్తం మాత్రం 180 డిగ్రీల దగ్గర కదలకుండా ఉంటుంది. పిల్లవాడు తన వేలితో తానే లాగితే అది మనసులో దిగుతుంది.

దూరంగా ఉన్నది. గూగుల్ ఎర్త్. స్కూలు నుంచి డాల్ఫిన్స్ నోస్ కొండ దాకా అందులోని కొలబద్దతో కొలవమనండి. తర్వాత కాగితం మ్యాపు మీద స్కేలు పెట్టి అదే దూరం లెక్కకట్టమనండి. రెండూ దగ్గర దగ్గరగా వచ్చినప్పుడు స్కేలు ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

ఎవరికి అర్థమైందో తెలియాలి. పలకలు, సుద్దముక్కలు చాలు. ప్రశ్న వేసి, "ఒకటి, రెండు, మూడు, ఎత్తండి" అంటే అందరి జవాబులూ ఒకేసారి కనపడతాయి. ఎవరు ఏం రాశారో లెక్క కూడా ఉండాలంటే ప్లికర్స్ యాప్ ఉంది. పిల్లల చేతిలో కాగితం కార్డు ఉంటుంది, దాన్ని తిప్పిన దిక్కును బట్టి జవాబు ఎ, బి, సి, డి అవుతుంది. టీచరు తన ఫోన్ కెమెరాతో తరగతి మొత్తాన్ని స్కాన్ చేస్తారు. పిల్లలకు ఫోన్లు అక్కర్లేదు. కహూట్ లాంటి ఆన్‌లైన్ క్విజ్‌లకు ప్రతి ఇద్దరికీ ఒక పరికరం, నిలకడైన నెట్ కావాలి. అవి లేనిచోట దాని జోలికి వెళ్లొద్దు. గంట సేపు లాగిన్ టెన్షనే మిగులుతుంది.

నోటికి రావాలి. ఫోన్‌లో వాయిస్ రికార్డర్. పద్యం చదివి, తన గొంతు తానే విని, మళ్లీ చదవాలి. ఇంతకంటే చవకైన భాషా ప్రయోగశాల నాకు తెలియదు.

పదేపదే సాధన చేయాలి. ట్యాబులు. లేదా పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ను దీక్ష అనే ప్రభుత్వ పాఠాల యాప్‌తో స్కాన్ చేస్తే వచ్చే ప్రశ్నలు.

4. పీరియడ్‌ను ముందే ముక్కలు చేసుకోండి

45 నిమిషాల పీరియడ్‌కు నేను వాడే కొలత ఇది:

- 5 నిమిషాలు: నిన్నటి పాఠం మీద రెండు ప్రశ్నలు, పుస్తకాలు మూసి
- 5 నిమిషాలు: ఏం జరుగుతుందో ముందే ఊహించి పలక మీద రాయడం
- 10 నిమిషాలు: స్క్రీన్
- 10 నిమిషాలు: పక్కవాళ్లతో మాట్లాడి మళ్లీ జవాబు రాయడం
- 10 నిమిషాలు: నోట్సులో బొమ్మ, సొంత మాటల్లో మూడు వాక్యాలు
- 5 నిమిషాలు: వెళ్లేముందు ఒక ప్రశ్న

స్క్రీన్ పది నిమిషాలు దాటితే ఏదో ఒకటి తెగ్గోయాలి. నేనైతే స్క్రీన్‌నే తెగ్గోస్తాను. పిల్లలు మాట్లాడుకునే పది నిమిషాలు మాత్రం ముట్టుకోను.

నల్లబల్లను ఖాళీగా వదలొద్దు. స్క్రీన్ మీద స్లైడు మారితే ముందుది పోతుంది, బల్ల మీద రాసింది పీరియడ్ అయ్యేదాకా ఉంటుంది. ఎడమ పక్కన కొత్త పదాలు తెలుగులో, ఇంగ్లిష్‌లో జంటగా రాయండి: నిరోధం పక్కన రెసిస్టెన్స్, విభవాంతరం పక్కన పొటెన్షియల్ డిఫరెన్స్. ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్ ఉన్న పుస్తకాలతో చదివే పిల్లలకు ఈ జంట చాలా ఆసరా.

5. ఒక పాఠం, మొదటి నుంచి చివరి దాకా

పదో తరగతి విద్యుత్ పాఠం. ఇబ్బంది ఇంతకుముందు రాసుకున్నదే: మొదటి బల్బు దాటాక కరెంటు తగ్గుతుందనుకోవడం.

ముందు రోజు. ఫెట్‌లో "సర్క్యూట్ కన్‌స్ట్రక్షన్ కిట్: డీసీ" సిమ్యులేషన్‌ను పెన్ డ్రైవ్‌లోకి డౌన్‌లోడ్ చేసుకోండి. ఒకే ఫైలు, బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది, నెట్ అక్కర్లేదు. ప్యానెల్ మీద ఒకసారి తెరిచి చూడండి. ఇక్కడ ఒక చిక్కు ఉంది. మామూలుగా తెరిస్తే అందులో ఎలక్ట్రాన్లు కదులుతూ కనపడతాయి. మన పుస్తకంలో కరెంటు బాణం గుర్తు దానికి ఎదురు దిక్కులో ఉంటుంది. ముందే సంప్రదాయ ప్రవాహం (ప్లస్ నుంచి మైనస్‌కు చూపే పద్ధతి) వైపు మార్చి పెట్టుకోండి. లేకపోతే "పుస్తకంలో ఇటు ఉంది, ఇక్కడ అటు పోతోంది" అనే ప్రశ్నతోనే పీరియడ్ అయిపోతుంది. అది మంచి ప్రశ్నే, కానీ ఆ రోజు ప్రశ్న అది కాదు.

తరగతిలో మొదట నిజం బల్బులు. రెండు టార్చి బల్బులు, సెల్స్, వైర్లు. శ్రేణిలో, అంటే ఒకదాని తర్వాత ఒకటిగా కలిపి వెలిగించండి. రెండు బల్బులు ఒకే రకం కాకపోతే ఒకటి కాస్త ఎక్కువ వెలుగుతుంది. అది మొదటి బల్బే అయిందనుకోండి, "చూశారా, మొదటిది ఎక్కువ తాగేసింది" అని పిల్లల తప్పుడు నమ్మకం ఇంకా గట్టిపడుతుంది. వెంటనే బల్బుల చోటు మార్చి చూపించండి. ఎక్కువ వెలుగు బల్బుతోపాటే వెళ్తుంది, చోటుతో కాదు.

పలక మీద ఊహ. ప్రశ్న: "మొదటి బల్బుకు ముందు, రెండు బల్బుల మధ్య, రెండో బల్బు తర్వాత కొలిస్తే కరెంటు ఎలా ఉంటుంది? ఎ) తగ్గుతూ పోతుంది బి) మూడు చోట్లా ఒకటే సి) మధ్యలో ఎక్కువ." మా తరగతిలో సగానికి పైగా పలకల మీద "ఎ" ఉంది. మూడో బెంచీ అమ్మాయి లేచి, "మొదటి బల్బు కొంత తినేస్తుంది కదా మేడమ్, రెండోదానికి మిగిలిందే పోతుంది" అంది. నేను తప్పనలేదు. ఆ మాటనే బల్ల మీద రాశాను.

అప్పుడు ప్యానెల్. ల్యాబ్‌లో కరెంటు కొలిచే అమ్మీటర్లు కొన్నే ఉంటాయి, ముల్లు చివరి బెంచీకి కనపడదు. సిమ్యులేషన్‌తో పని పడేది ఇక్కడే. 9 వోల్టుల బ్యాటరీ, 10 ఓమ్‌ల బల్బులు రెండు శ్రేణిలో పెట్టి ఆ అమ్మాయినే పిలిచాను. మొదటి బల్బుకు ముందు 0.45 ఆంపియర్లు. మధ్యలో 0.45. చివర 0.45. ఆమె అమ్మీటరును వెనక్కి జరిపి మొదటి చోట మళ్లీ కొలిచింది. నమ్మలేదు! రెండోసారీ అదే వచ్చాక బల్ల దగ్గరకు వెళ్లి తన మాటలో "కరెంటు" కొట్టేసి "శక్తి" అని రాసింది. బల్బు తీసుకునేది శక్తిని, కరెంటును కాదు. ఆ దిద్దుబాటు నేను చెప్పి ఉంటే నోట్సులో ఒక లైనుగా ఉండిపోయేది.

తర్వాత సమాంతరం. అవే బల్బులను సమాంతరంగా, అంటే ఒక్కోదాన్నీ విడిగా బ్యాటరీకి కలిపితే ఒక్కోదానిలో 0.9, బ్యాటరీ దగ్గర 1.8. కలపకముందే ఊహ రాయించండి. "ఇంట్లో లైటు ఆపితే ఫ్యాన్ ఎందుకు ఆగదు?" అని అడిగితే జవాబు వాళ్లే చెప్తారు.

మాట్లాడించడం ఎప్పుడు? పలకల మీది జవాబులే ఓట్లు, అవి చూసి నిర్ణయించండి. సరైన జవాబులు మూడో వంతు కంటే తక్కువ ఉంటే మళ్లీ వివరించండి, అప్పుడే మాట్లాడిస్తే తప్పునే పంచుకుంటారు. మూడో వంతుకు, మూడింట రెండు వంతులకు మధ్య ఉంటే పక్కవాళ్లను ఒప్పించమనండి, తర్వాత మళ్లీ ఓటు. అంతకంటే ఎక్కువ ఉంటే ముందుకు వెళ్లండి. హార్వర్డ్ భౌతికశాస్త్ర ఆచార్యుడు ఎరిక్ మజూర్ తన తరగతుల్లో పెంచిన పద్ధతికి ఇది దగ్గరగా ఉంటుంది. మన పలకలతో చక్కగా నడుస్తుంది.

చివరి నిమిషంలో పిల్లలు షార్ట్ సర్క్యూట్ చేసి మంటలు చూడాలనుకుంటారు. చూడనివ్వండి. ఇంట్లో ప్లగ్గు దగ్గర ఇలాంటిది ఎన్నడూ చేయకూడదని అప్పుడే గట్టిగా చెప్పండి.

6. వీడియో అయితే

ఒక ఏడాది ఉత్ప్లవనం మీద పన్నెండు నిమిషాల వీడియో మొత్తం చూపించాను. పిల్లలు కదలకుండా చూశారు, నాకు సంతోషమేసింది. మర్నాడు అడిగితే ఓడ రంగు గుర్తుంది, ఓడ ఎందుకు తేలిందో గుర్తులేదు. అప్పటి నుంచి ఈ నియమాలు పెట్టుకున్నాను:

- మొత్తం మూడు నాలుగు నిమిషాలు మించకూడదు. కావలసిన ముక్క ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చీటీ మీద రాసుకోవాలి.
- వేయకముందే ఒక ప్రశ్న బల్ల మీద ఉండాలి.
- ప్రతి నిమిషానికీ ఆపి, "ఇప్పుడేమవుతుంది?" అని అడగాలి.
- ఇంగ్లిష్ మాటలు వేగంగా ఉంటే సౌండు ఆపేసి మీరే తెలుగులో చెప్పండి.
- స్క్రీన్ మీద ఉన్న వాక్యాలనే పైకి చదవొద్దు. కన్ను చదివేదీ చెవి వినేదీ ఒకే వాక్యమైతే బొమ్మను చూసే తీరిక ఉండదు. బొమ్మ చూపించి నోటితో చెప్తే బాగా పడుతుందని విద్యా మనస్తత్వవేత్త రిచర్డ్ మేయర్ పరిశోధనలు చెప్పేదీ ఇదే.

యాడ్స్ వచ్చే చోట నేరుగా ప్లే చేయకండి. దీక్షలో పాఠాలను ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవచ్చు.

7. ట్యాబులు ఇచ్చే రోజు

- ట్యాబు వెనక నంబరు స్టిక్కరు. ఏ నంబరు ఏ బెంచీదో జాబితా.
- ముందు రాత్రి కాదు, ముందు రోజు మధ్యాహ్నమే ఛార్జింగ్. రాత్రి స్కూల్లో ఎవరూ ఉండరు.
- ఇద్దరికి ఒకటి. ఒకరు నొక్కాలి, ఒకరు చెప్పాలి. అయిదు నిమిషాలకు చప్పట్లు కొట్టి మార్చండి. మార్చకపోతే చురుకైన పిల్లల చేతిలోనే ఉండిపోతుంది.
- మీరు మాట్లాడేటప్పుడు "బోర్లా!" అంటే ట్యాబులన్నీ బోర్లా పెట్టాలి. మొదటి వారం ఇదే అలవాటు చేయించండి.
- సమాధానాలు నోట్సులో కూడా ఉండాలి. ట్యాబు మూస్తే ఏమీ మిగలకపోతే ఆ పీరియడ్ పోయినట్టే.

8. తరచూ జరిగే పొరపాట్లు

*ఒకే పాఠంలో మూడు యాప్‌లు.* ఒకటి చాలు. ఏడాదికి మొత్తం మూడు నాలుగు పనిముట్లు బాగా వస్తే ఎక్కువే.

*ప్యానెల్ ముందు టీచరే నిలబడి అన్నీ నొక్కడం.* పిల్లలను పిలవండి, అందులోనూ వెనక బెంచీ వాళ్లను ముందు.

*బహుమతి లాగా వాడటం.* "నోట్సు రాస్తే వీడియో వేస్తా" అన్నామంటే వీడియో ఆట, నోట్సు శిక్ష అయిపోతాయి.

*క్విజ్‌లో వేగానికి పాయింట్లు.* నెమ్మదిగా ఆలోచించే పిల్లలు మొదటి రెండు ప్రశ్నల్లోనే చేతులెత్తేస్తారు. టైమర్ ఆపేయండి.

*తప్పు ఆప్షన్లు ఊరికే పెట్టడం.* ఎవరూ ఎంచుకోని ఆప్షన్ వల్ల మీకేమీ తెలియదు. పిల్లల పేపర్లలో దొరికిన తప్పులనే ఆప్షన్లుగా పెట్టండి.

*ఎరుపు, ఆకుపచ్చ రంగులతోనే తేడా చూపించడం.* ఆ రెండూ ఒకేలా కనపడే పిల్లలు ఉంటారు. గీత రకం కూడా మార్చండి.

9. ఉప్పుగాలి, ఉరుము, కరెంటు కోత

సముద్రం దగ్గరి స్కూళ్లలో పిన్నులు, పోర్టులు తొందరగా తుప్పు పడతాయి. కేబుల్ వాడనప్పుడు పోర్టులకు మూత పెట్టండి, స్క్రీన్‌ను పొడి మెత్తని గుడ్డతోనే తుడవండి. ట్యాబుల డబ్బాలో తేమ పీల్చే చిన్న పొట్లాలు వేసి, అప్పుడప్పుడు మార్చండి.

అక్టోబరు, నవంబరుల్లో తుఫాను హెచ్చరిక రాగానే, స్కూలు మూసేలోపే ప్లగ్గులు గోడ నుంచి పీకి, ట్యాబులను నేలకు ఎత్తుగా ఉన్న బీరువాలో పెట్టి, ప్యానెల్‌కు ప్లాస్టిక్ షీటు కప్పండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఎలా విరుచుకుపడిందో చూసిన ఊరు మనది. కిటికీ పక్కనున్న ఏ వస్తువునూ గాలికి వదలకూడదు. ఉరుములు వినపడినా ఇదే, స్విచ్ ఆపితే సరిపోదు.

కరెంటు పోయే రోజు కోసం ప్రతి పాఠానికీ ఒక చార్టు లేదా బల్ల మీద వేసే బొమ్మ సిద్ధంగా ఉండాలి. రెండు నిమిషాలకు మించి ఎదురు చూడొద్దు.

10. ఇంటికి పంపే పని, పిల్లల వివరాలు

మన పిల్లల ఇళ్లలో చాలాచోట్ల ఒకటే ఫోన్. నాన్న దానితోనే తెల్లవారకముందే హార్బర్‌కు వెళ్లిపోతారు, లేదా షిఫ్టు డ్యూటీలో ఉంటారు. "రాత్రి ఎనిమిదిలోపు ఫారం నింపండి" అంటే ఆ పిల్లలు ప్రతిసారీ వెనకబడతారు. రెండు రోజుల గడువు ఇవ్వండి, కాగితం మీద కూడా చేయొచ్చని చెప్పండి.

- యాప్‌లలో పూర్తి పేర్ల బదులు రోల్ నంబర్లు వాడండి.
- పిల్లల ఫొటోలు, మార్కుల జాబితాలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు.
- పిల్లల పేరుతో అకౌంట్లు తెరిచే ముందు తల్లిదండ్రుల అనుమతి తీసుకోండి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వాళ్లంతా పిల్లలే.

11. పనిచేసిందో లేదో వారం తర్వాత చూడండి

అదే రోజు అడిగితే అందరూ బాగానే చెప్తారు. అది నమ్మడానికి లేదు. చదివినదాన్నే మళ్లీ చదివినవాళ్ల కంటే, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకున్నవాళ్లకు వారం తర్వాత ఎక్కువ గుర్తుందని 2006లో మనస్తత్వవేత్తలు రోడిగర్, కార్పికే చేసిన ప్రయోగాల్లో తేలింది. కాబట్టి వారం తర్వాత వేసే ప్రశ్న మీకు లెక్క చెప్తుంది, పిల్లలకు సాధన కూడా అవుతుంది.

ఒక నోట్సులో అయిదు గళ్లు గీయండి: పాఠం, వాడినది, ముందు ఎంతమంది సరిగ్గా చెప్పారు, పీరియడ్ చివర ఎంతమంది, వారానికి ఎంతమంది. ప్రశ్న అదే భావం మీద ఉండాలి, బొమ్మ మాత్రం మార్చాలి. బల్బుల బదులు ఫ్యాన్, మోటారు పెట్టండి. బొమ్మ మార్చకపోతే "బి" అనే అక్షరం గుర్తుపెట్టుకుని చెప్పేస్తారు.

మూడు పాఠాల్లో వాడి చూసినా చివరి గడిలో అంకె పెరగకపోతే ఆ యాప్ తీసేయండి, ఎంత అందంగా ఉన్నా సరే. నా నోట్సులో ఇప్పటికీ అన్నిటికంటే నిలకడగా ఉన్నవి పలకలు, ఒకే ఒక్క సిమ్యులేషన్ సైటు. రెండో ఏడాది మొదట్లో ఆ నోట్సు తీసి, ఏ పాఠానికి ఏది పనిచేసిందో వార్షిక ప్రణాళికలో ఆయా పాఠాల పక్కనే పెన్సిల్‌తో రాసుకోండి.